ఇంటి కిటికీలు: చెడిన గుర్తులు, మరమ్మతులు



ఇల్లు కట్టేటప్పుడు మనం ఎక్కువగా ఆలోచించేది గుమ్మం గురించి. మంచిరోజు చూసి, పసుపు కుంకుమలు పెట్టి, మామిడాకుల తోరణం కట్టి గుమ్మం నిలబెడతాం. కిటికీకి అంత మర్యాద ఉండదు. గోడ లేచేటప్పుడు మేస్త్రి చట్రం తెచ్చి నిలబెట్టేస్తాడు, మన పని మనం చూసుకుంటాం. కానీ ఎండకు, వానకు, గాలికి రోజూ ఎదురు నిలిచేది కిటికీయే. అందుకే చాలా ఇళ్ళలో ముందుగా చెడేది కూడా అదే. కిటికీలకు మామూలుగా వచ్చే దెబ్బలు ఏమిటి, వాటిని ఎట్లా గుర్తుపట్టాలి, మన చేతులతో మనం చేసుకోగలిగింది ఎంత, ఆచారిని గాని మేస్త్రిని గాని పిలవాల్సింది ఎప్పుడు, ఈ సంగతులు ఈవేళ మాట్లాడుకుందాం.

పోచంపల్లి అనగానే దూరపువాళ్ళకు పట్టుచీరల పోచంపల్లి గుర్తుకొస్తుంది. నేను చెప్పేది మన కృష్ణగిరి జిల్లా పోచంపల్లి, ఆదివారం సంత జరిగే ఊరు. ఆ చుట్టుపక్కల పల్లెల్లో ఒక్కసారి తిరిగితే అన్ని రకాల కిటికీలూ కనిపిస్తాయి. పాత పెంకుటిళ్ళకు కర్ర చట్రం, నిలువు ఊచలు, చెక్క రెక్కలు. కొన్ని చిన్న ఇళ్ళకు సిమెంటు చట్రం, దానికి ఇనుప రెక్కలు. మిద్దె ఇళ్ళకు అద్దాల రెక్కలు, ముందు ఇనుప గ్రిల్లు. కొత్తగా కట్టిన ఇళ్ళకు పక్కకు జరిపే అల్యూమినియం కిటికీలు, ప్లాస్టిక్ రకం యూపీవీసీ కిటికీలు. హోసూరు వైపు పోతే ఈ చివరి రకం ఇంకా ఎక్కువ. రకాలు వేరైనా వీటన్నిటికీ వచ్చే జబ్బుల్లో ముఖ్యమైనది ఒక్కటే. అది చెమ్మ.

మన జిల్లాకు రెండు కాలాల్లో వానలు వస్తాయి. జూన్ నుంచి సెప్టెంబరు వరకు నైరుతి వానలు, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య వానలు. మధ్యలో మామిడికాయలు ఊరే రోజుల్లో ఈదురుగాలితో వచ్చే వేసవి జల్లులు. 2024 నవంబరు 30న ఫెంగల్ తుఫాను పుదుచ్చేరి దగ్గర తీరం దాటింది. ఆ తర్వాత అది మన వైపు వచ్చి ఏం చేసిందో మీకు తెలుసు. డిసెంబరు 2 ఉదయానికి ముగిసిన ఒక్క రోజులో పోచంపల్లి పక్కనున్న ఊత్తంగరలో 50 సెంటీమీటర్ల వాన పడింది. ఏడాది మొత్తానికి మన జిల్లాలో సగటున పడేది 80, 85 సెంటీమీటర్లే. అటువంటి వానను ఏ కిటికీ ఆపలేదు. అయితే ఒక మాట గమనించండి. మంచి కిటికీ అంత వానకు తడిసినా తర్వాత నాలుగు రోజుల ఎండకు ఆరిపోతుంది. చెడ్డ కిటికీ మామూలు జల్లుకు తడిసినా ఆరదు. కిటికీని పాడుచేసేది మీద పడిన నీరు కాదు, ఎక్కడో ఒక సందులో నిలిచిపోయిన నీరు. ఈ ఒక్క మాట గుర్తుంటే మరమ్మతు సగం తెలిసినట్టే.

మనం మామూలుగా చేసే పొరపాటు ఏమిటంటే, పండగకు సున్నం వేసేటప్పుడు కిటికీకి కూడా ఒక చేయి రంగు కొట్టించేస్తాం. పగులుంటే లప్పం పెట్టి, లప్పం మీద రంగు. చూడటానికి కొత్తగా ఉంటుంది. లోపల నిలిచిన నీటికి ఉన్న కాస్త దారి కూడా మూసుకుపోతుంది. రెండేళ్ళకు చట్రం కింది మూల చేత్తో నొక్కితే పిండిలాగా రాలుతుంది. అందుకని ముందు నీరు వచ్చే దారి కనిపెట్టాలి, తర్వాత ఆ దారి మళ్ళించాలి, ఆ తర్వాతే పాడైనచోట బాగుచేయాలి, అన్నిటికన్నా చివర రంగు. ఈ వరుస తప్పకూడదు.

కిటికీని పరీక్ష చేయటానికి పెద్ద పనిముట్లు అక్కర్లేదు. గోనెసంచులు కుట్టే దబ్బనం ఒకటి, సుద్దముక్క ఒకటి, చెంబెడు నీళ్ళు. వెలుతురు బాగా ఉన్న పూట మొదలుపెట్టండి. పైనుంచి కిందికి చూసుకుంటూ రండి. నీరు దిగే దారి కూడా అదే కదా.

మొదట కిటికీ మీది సజ్జ చూడండి. సజ్జ అంచుకు అడుగువైపున, ముందు భాగంలో, వేలు పట్టేంత గాడి ఒకటి పొడుగునా ఉండాలి. వాననీరు అంచు మీదుగా కిందికి వచ్చి ఆ గాడి దగ్గర ఆగి బొట్లుగా రాలిపోతుంది. గాడి లేకపోతే ఆ నీరే సజ్జ అడుగునంటుకొని వెనక్కు పాకి గోడను, చట్రాన్ని తడుపుతుంది. సజ్జ అడుగున నల్లటి చారలు, పచ్చటి పాచి కనిపిస్తే ఇదే కారణమనుకోవచ్చు. గాడి లేని సజ్జకు అంచు అడుగున సిమెంటుతో సన్నని కట్టలాగా మేస్త్రి చేత తీయించుకోవచ్చు. పని ఒక పూటది. కానీ సజ్జ అడుగున పెచ్చులు ఊడి లోపలి కమ్మీ తుప్పుపట్టి కనబడుతుంటే అది మనం సుత్తి పట్టుకొని చేసే పని కాదు. దాని కింద పిల్లల్ని కూర్చోనివ్వకండి. తెలిసిన మేస్త్రిని పిలవండి.

తర్వాత చట్రానికీ గోడకూ మధ్య సందు. కర్ర చట్రం చుట్టూ వెంట్రుకవాసి పగులు దాదాపు అన్ని ఇళ్ళలో ఉంటుంది. కర్ర వానాకాలంలో ఉబ్బుతుంది, ఎండాకాలంలో తగ్గుతుంది. గోడ కదలదు. అందువల్ల ఆ సందులో ఎన్నిసార్లు సిమెంటు పెట్టినా మళ్ళీ పగులుతుంది. సన్నని సందుకు సాగే గుణమున్న సీలెంటు పెట్టాలి. గొట్టాల్లో వస్తుంది, అంగళ్ళలో దొరుకుతుంది. అందులో అక్రిలిక్ రకం మీద రంగు పడుతుంది, సిలికాన్ రకం మీద మామూలు రంగు నిలవదు. రంగు వేయదలచుకుంటే ముందే అడిగి కొనుక్కోండి. సందు అరంగుళం దాటితే మాత్రం లోపలి వదులు మన్ను, ఇసుక గీకి తీసేసి, తడిపి, ఒక పాలు సిమెంటుకు మూడు పాళ్ళ ఇసుక కలిపి బిగువుగా కూరి, అది ఆరిన తర్వాత పైన సన్నగా సీలెంటు పెట్టుకోవాలి. చట్రం మొత్తం కదులుతుంటే గోడలోకి పోయిన పట్టీలు వదులైనట్టు. దానికి ఆచారి, మేస్త్రి ఇద్దరూ కావాలి.

ఇప్పుడు దబ్బనం పని. చట్రం కింది రెండు మూలలు, రెక్కల అడుగు అంచులు, ఊచలు కర్రలోకి దిగేచోటు, ఈ చోట్ల దబ్బనం మొనతో మెల్లగా పొడవండి. మంచి కర్ర మొనను ఆపేస్తుంది. చెడిన కర్రలో మొన వెన్నలోకి దిగినట్టు దిగుతుంది. పైన రంగు బాగున్నా నమ్మకండి, దబ్బనాన్నే నమ్మండి.

మొన దిగింది సరే, కర్రను తిన్నది ఏది? మూడు రకాలున్నాయి. ఒకటి కుళ్ళు. కర్ర నల్లబడి, మెత్తబడి, అడ్డంగా నిలువుగా చిన్న చిన్న పలకలుగా పగిలి ఉంటుంది. ఇది చెమ్మ వల్ల పెరిగే బూజు జాతి పని. చెమ్మ ఆగితే ఇది ఇంకా పాకదు. రెండోది చెదలు. గోడ మీద మట్టితో కట్టిన సన్నని దారులు కనబడతాయి, కర్ర మీద తడితే డొల్ల శబ్దం వస్తుంది, పైపొర కాగితంలాగా ఉండి లోపల మట్టి నిండి ఉంటుంది. మూడోది కొయ్యపురుగు. గుండుసూది దూరేంత గుండ్రటి రంధ్రాలు, వాటి కింద గట్టు మీద మైదాపిండిలాంటి పొడి. మామిడికర్ర, ఇంకా మెత్తని కర్రలు, ఏ కర్రకైనా బయటివైపు ఉండే తెల్లచెక్క, వీటిని ఈ పురుగు త్వరగా పడుతుంది. మనది మామిడితోటల సీమ కాబట్టి ముసలి చెట్టు కొట్టిన కర్రతో కిటికీలు చేయించిన ఇళ్ళు ఉంటాయి. వాళ్ళు ఈ పొడి కోసం ప్రత్యేకంగా చూసుకోవాలి.

మూడింటికీ మందు ఒకటి కాదు. కుళ్ళుకు నీటిదారి ఆపటమే మందు. కొయ్యపురుగుకు రంగు గీకేసి, కర్ర బయటపెట్టి, బోరాక్సు, బోరిక్ ఆమ్లం కలిపిన ద్రావణం రెండు మూడు సార్లు పూసి, పూర్తిగా ఆరిన తర్వాత రంగు వేయాలి. రంగు మీదే పూస్తే లోపలికి దిగదు, పైన రంగు లేకుండా వదిలేస్తే వానకు కొట్టుకుపోతుంది. చెదలకు మాత్రం కిటికీ దగ్గర వైద్యం చాలదు. మట్టిదారి చీపురుతో తుడిచేస్తే రెండు రోజుల్లో మళ్ళీ కడతాయి. వాటి పుట్ట ఎక్కడో నేలలో ఉంటుంది. గోడ అడుగున నేలలో మందు వేయించాలి. ఆ పని తెలిసినవాళ్ళ చేత చేయించుకోండి. తోటకు కొట్టగా మిగిలిన పురుగుమందు ఇంట్లో, ముఖ్యంగా వంటింటి కిటికీకి, ఎంతమాత్రం కొట్టకండి. ఆ మందు తలుపులు మూసుకొని పడుకునే గదుల కోసం చేసింది కాదు.

చెడిన కర్రను ఎట్లా బాగుచేయాలి? వేలెడంత గుంట అయితే మెత్తనిదంతా ఉలితో గీకి తీసేసి, ఆరనిచ్చి, రంపపుపొడిని నీటికి తట్టుకునే జిగురుతో ముద్దగా కలిపి కూరవచ్చు. ఇంకా గట్టిగా కావాలంటే రెండు డబ్బాలుగా వచ్చే ఎపాక్సీ ముద్ద వాడవచ్చు. చట్రం మందంలో మూడో వంతు దాకా పోయి ఉంటే ముద్దతో లాభం లేదు. చెడిన ముక్క, దానికి పైన రెండంగుళాల మంచి కర్ర కూడా కలిపి ఏటవాలుగా కోసేసి, అదే జాతి ఎండిన కర్రముక్కను అతకాలి. ఆ అతుకు ఏటవాలు బయటివైపుకు దిగేట్టు ఉండాలి, లేకపోతే అందులోకే నీళ్ళు దిగుతాయి. ఇది ఆచారి పని. కానీ ఈ మాట మీరు ముందే చెబితే, చట్రం మొత్తం మార్చాలనేవాళ్ళ మాట వినాల్సిన అవసరం రాకపోవచ్చు.

ఇక రెక్కలు. మన ఇళ్ళలో ఎక్కువగా వినబడే ఫిర్యాదు, రెక్క పడటం లేదు అని. దీనికి రెండు కారణాలు. వాటిని కలగాపులగం చేసుకోకూడదు.

ఒకటి, రెక్క వాలిపోవటం. రెక్క మూసి చూడండి. గొళ్ళెం వైపు పైమూల దగ్గర సందు వెడల్పుగా, అదే వైపు కిందిమూల చట్రానికి రాసుకుంటూ ఉంటే రెక్క వాలిందన్నమాట. పైబందు మరలు వదులై ఉంటాయి. బందును మన వైపు అంగళ్ళలో కీలు అంటే ఇస్తారు. వెంటనే తోపుడుపెట్టి అడుగు చెక్కేయటం తప్పు. చెక్కితే ఇవాళ పడుతుంది, మరలు ఇంకా వదులయ్యాక మళ్ళీ రాసుకుంటుంది. రెక్క కింద చిన్న చెక్కముక్క పెట్టి సరైన ఎత్తుకు లేపండి. పాత మర తీసేసి, ఆ రంధ్రంలో వెదురుపుల్లను జిగురుతో దిగకొట్టి, ఆరిన తర్వాత కాస్త పొడుగు మర బిగించండి. బందు అరిగి ఆడుతుంటే కొత్తది వేయండి. మరలు బాగానే ఉండి కూడా రెక్క వాలితే మూలల కీళ్ళు వదులైనట్టు. రెక్కను ఊడదీసి, ఒక మూలనుంచి ఎదురుమూలకు తాడుతో కొలవండి. రెండు కొలతలూ సమానంగా ఉంటే రెక్క చదరంగా ఉంది. తేడా ఉంటే పొడవైన కొలత వైపు తాడు కట్టి, పుల్లతో మెలితిప్పి బిగించి సమానం చేసి, కీళ్ళలో జిగురు వేసి, కర్రమేకు దిగకొట్టాలి. ఆరేదాకా ఆ తాడు విప్పకూడదు.

రెండో కారణం, కర్ర ఉబ్బటం. ఇది కార్తీకమాసం వానల్లో కనబడుతుంది. మొన్నటిదాకా బాగా పడిన రెక్క, వారం ముసురు పట్టేసరికి బిగుసుకుపోతుంది. అప్పుడు చెక్కించకండి. కర్ర పొడుగునా పెద్దగా మారదు, అడ్డంగా మాత్రం ఉబ్బుతుంది, ఎండకు మళ్ళీ తగ్గుతుంది. వానల్లో చెక్కిన రెక్కకు మే నెలలో వేలు పట్టే సందు వస్తుంది. ఆ సందులోంచి మళ్ళీ వాన, దోమ, దుమ్ము. వానలు పోయేదాకా కొవ్వొత్తి మైనం అంచుకు రుద్ది నెట్టుకు రండి. సంక్రాంతి తర్వాత, కర్ర బాగా ఆరిన తర్వాత కూడా రాసుకుంటుంటే, చట్రం అంచుకు సుద్ద పూసి రెక్క మూసి తెరవండి. సుద్ద అంటుకున్నచోటు మాత్రమే గరుకు కాగితంతో గాని, తోపుడుతో గాని తీయండి.

రెక్క ఎందుకు ఇంత నీరు పీలుస్తుందో తెలుసా? రంగు వేసేవాళ్ళు రెక్క ముందు వేస్తారు, వెనక వేస్తారు, పక్క అంచులకూ వేస్తారు. పై అంచుకు, అడుగు అంచుకు వేయరు. అవి కంటికి కనిపించవు. కర్ర నీళ్ళు తాగేది ముఖ్యంగా ఆ కోసిన చివళ్ళ నుంచే. రెక్క ఊడదీసినప్పుడు ఆ రెండు అంచులకూ ప్రైమరు, రెండు చేతుల రంగు వేయించండి. ఖర్చు దాదాపు ఏమీ ఉండదు. కిటికీ ఆయుష్షు పెంచే పనుల్లో ఇంతకన్నా చవకైంది లేదు.

అద్దాల సంగతి. పాత అద్దపు రెక్కల్లో అద్దం చుట్టూ ఉన్న లప్పం ఎండి, పగిలి, ముక్కలు రాలుతుంటుంది. ఆ పగుళ్ళలో నీరు దిగి రెక్క అడుగుబద్ద కుళ్ళుతుంది. వదులైన లప్పం తీసేసి, గాడి శుభ్రం చేసి, కర్రకు ముందు ప్రైమరు పూసి ఆరనివ్వండి. ప్రైమరు లేకపోతే ఎండిన కర్ర లప్పంలోని అవిసెనూనెను పీల్చేస్తుంది, లప్పం మళ్ళీ పగులుతుంది. కొత్త లప్పం మీద పొర కట్టటానికి వారం పది రోజులు ఆగి రంగు వేయండి. ఆ రంగు అద్దం మీదికి నూలుపోగంత రావాలి, అప్పుడే సందు మూసుకుంటుంది. అద్దం పగిలితే ముందు పగులు మీద అంటుకునే టేపు అడ్డంగా నిలువుగా అంటించి, చేతులకు మందపు గుడ్డ చుట్టుకొని, కంటికి అద్దాలు పెట్టుకొని, పైముక్కల నుంచి మొదలుపెట్టి తీయండి. మేడమీది కిటికీ అయితే బయట వేలాడుతూ ఈ పని చేయవద్దు, రెక్క లోపలికి ఊడదీసి నేలమీద చేయండి. పెంకులు కాగితంలో చుట్టి వేరుగా పారేయాలి. చెత్త ఎత్తేవాళ్ళవీ చేతులే.

ఇనుప ఊచలు, గ్రిల్లుల విషయానికి వద్దాం. తుప్పు పైపైన ఎర్రటి పొడిగా ఉంటే భయం లేదు. తీగబ్రష్షుతో, గరుకు కాగితంతో లోహం మెరిసేదాకా రుద్ది, అదే రోజు ప్రైమరు వేయాలి. రాత్రి మంచు పడితే మళ్ళీ తుప్పు మొదలవుతుంది. పొరలు పొరలుగా లేచిన తుప్పు వేరే సంగతి. ఇనుము తుప్పు పట్టినప్పుడు ఉన్నచోటుకు రెండు మూడింతలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ చోటు కావాలంటుంది. అందుకే సిమెంటు చట్రంలో ఉన్న కమ్మీ తుప్పుపడితే చట్రం పొడుగునా పగులుతుంది, ఊచ దిగినచోట గట్టు పెచ్చు లేస్తుంది. ఆ పగులు మీద సిమెంటు పూస్తే నిలవదు. వదులు సిమెంటు తీసి, కమ్మీ తుప్పు గీకి, దానికి పూత పూసిన తర్వాతే మళ్ళీ సిమెంటు కూరాలి. ఊచ అడుగున సన్నబడి పెన్సిలంత అయిందంటే దొంగకు ఊరికే వంగుతుంది, పిల్లవాడు ఆనుకుంటే విరుగుతుంది. అటువంటి ఊచకు రంగు కొట్టి లాభం లేదు, మార్పించండి. వెల్డింగు చేసేటప్పుడు పక్క అద్దాలు, కర్ర, తెరలు తడిగోనెతో కప్పి, ఒక బకెట్టు నీళ్ళు దగ్గర పెట్టుకోండి.

ఇనుప కిటికీతో ఇంకో ప్రమాదం ఉంది. చాలా ఇళ్ళలో కరెంటు తీగను గ్రిల్లుకు చుట్టి బయటికి తీస్తారు, మోటారుకని, పందిరిదీపానికని. గుడ్డలారేసే ఇనుపతీగ కూడా అదే గ్రిల్లుకు కడతారు. తీగ తోలు ఒక్కచోట ఒరుసుకుపోతే వానరోజు గ్రిల్లంతా కరెంటు పారుతుంది. తడి గుడ్డలు ఆరేయబోయిన ఆడవాళ్ళ ప్రాణానికి అది ముప్పు. ఈవేళే వెళ్ళి మీ గ్రిల్లుకు తీగ ఏదైనా చుట్టి ఉందేమో చూడండి. ఉంటే మెయిన్ ఆపించి, కరెంటు పని తెలిసిన మనిషి చేత వేరు దారిలో వేయించండి.

ఇప్పుడు చెంబు నీళ్ళు. కిటికీ బయటి గట్టు మీద మెల్లగా పోయండి. నీరు బయటికి జారాలి. చట్రం వైపు తిరిగినా, మధ్యలో మడుగు కట్టినా గట్టు వాలు తప్పినట్టు. పై గచ్చు గీకి, ఒక పాలు సిమెంటుకు నాలుగు పాళ్ళ ఇసుకతో బయటికి వాలు పెట్టించాలి. అంచు గోడకన్నా రెండు వేళ్ళు ముందుకు ఉంటే గోడ తడవదు. పక్కకు జరిపే అల్యూమినియం, యూపీవీసీ కిటికీలకు అదే నీరు కిందిగాడిలో పోయండి. ఆ గాడికి బయటివైపు చిన్న రంధ్రాలుంటాయి, వాటిలోంచి నీరు పోవాలి. పోకపోతే దుమ్ము, చచ్చిన పురుగులు అడ్డంపడి ఉంటాయి. పుల్లతో తీసేయండి. కొత్త కిటికీ వేసినా వాన లోపలికి వస్తోందని చాలామంది అనుకునేది ఈ రంధ్రాలు మూసుకుపోవటం వల్లనే. కొన్ని ఇళ్ళలో చీమలొస్తాయని వాటిని సిమెంటుతో మూసేస్తారు. అది చేయకూడదు.

రంగు గీకేటప్పుడు ఒక జాగ్రత్త. పాత రంగుల్లో సీసం కలిసి ఉండవచ్చు. కేంద్రప్రభుత్వం 2016లో నియమాలు తెచ్చి, 2017 నవంబరు నుంచి ఇంటి రంగుల్లో సీసం పదిలక్షల పాళ్ళలో 90 పాళ్ళు మించకూడదని కట్టడి చేసింది. అంతకు ముందువి ఏ పాటివో కంటితో చెప్పలేం. సీసం పొడి చిన్నపిల్లల మెదడుకు, కడుపుతో ఉన్నవాళ్ళకు హానిచేస్తుంది. అందుకని పాత రంగును పొడిగా రుద్దకండి, మంటపెట్టి కాల్చకండి. తడిపి గీకండి. ముక్కుకు మూతికి గుడ్డ కట్టుకోండి. రాలిన పెళ్ళలు పాతగుడ్డ మీద పడేట్టు చేసి మూటకట్టి పారేయండి. పిల్లల్ని ఆ పూట పక్కింటికి పంపండి.

ఇంతవరకు చెప్పినవన్నీ దెబ్బలే. కానీ అన్నిటికన్నా పాడైన కిటికీ ఏదంటే, మేకులు కొట్టి మూసేసిన కిటికీ. రెక్క వాలిందని ఒకరు, గొళ్ళెం విరిగిందని ఒకరు, దొంగల భయమని ఇంకొకరు, నాలుగు మేకులు కొట్టేస్తారు, దాని ముందు బీరువా పెట్టేస్తారు. నాలుగు రూపాయల మర వేయక గది మొత్తం ఊపిరి ఆపేసినట్టు అవుతుంది. దేశానికంతటికీ ఉన్న భవన నిర్మాణ నియమావళి, పొడిగా వేడిగా ఉండే చోట్ల గది నేల వైశాల్యంలో కనీసం పదో వంతు కిటికీలు ఉండాలంటుంది. పది అడుగులకు పన్నెండు అడుగుల గది నూట ఇరవై చదరపు అడుగులు. దానికి పన్నెండు చదరపు అడుగులు, అంటే మూడుకు నాలుగు అడుగుల కిటికీ ఒకటి. చాలా ఇళ్ళలో ఉండేదే ఒక్క కిటికీ. అది మూసేస్తే ఏముంటుంది? కట్టెలపొయ్యి పొగ ఆడవాళ్ళ కళ్ళలో, ఊపిరితిత్తుల్లో చేరుతుంది. ఇంట్లో ఒకరికి దగ్గుజబ్బు ఉంటే గాలి ఆడని గదిలో అది మిగతావాళ్ళకు త్వరగా అంటుకుంటుంది. క్షయ ఉన్న ఇంట్లో కిటికీలు తెరిచి ఉంచమని డాక్టర్లు చెప్పేది ఇందుకే. దోమల భయమైతే జాలీ కొట్టించండి, దొంగల భయమైతే ఊచలు గట్టివి వేయించండి. మేకు మాత్రం కొట్టకండి.

మరి కిటికీ మొత్తం మార్చాల్సింది ఎప్పుడు? చట్రం నాలుగు వైపుల్లో రెండు మించి దబ్బనం దిగితే, చెదలు చట్రం వెనక గోడదాకా తిని ఉంటే, సిమెంటు చట్రం ముక్కలై ఊచలు వదులైతే, అప్పుడు మార్చటమే మంచిది. అది కాక ఒక మూల కుళ్ళిందని, రెక్క వాలిందని మంచి టేకు కిటికీని, మద్ది కిటికీని పీకేసి అమ్ముకోకండి. పాత చట్రాల్లో ఉండే ముదురుకర్ర ఈ రోజుల్లో అదే వెలకు దొరకదు. కొత్త కిటికీ పెట్టినా సజ్జ గాడి, గట్టు వాలు సరిచేయకపోతే నీరు అదే దారిన వస్తుంది, కొత్తదాన్నీ పాడుచేస్తుంది.

ఈ పనులకు మన వైపు అనువైన కాలం సంక్రాంతి నుంచి ఉగాది వరకు. వానలు పోయి ఉంటాయి, కర్ర ఆరి ఉంటుంది, మామిడి కోతలు ఇంకా మొదలుకావు, పనివాళ్ళు కూడా కాస్త తేలిగ్గా దొరుకుతారు. రంగు పొద్దున మంచు ఆరిన తర్వాత మొదలుపెట్టి, మండే ఎండ పడే వైపు వదిలి నీడవైపు వేసుకుంటూ పోవాలి. అక్టోబరులో వానలు రాకముందు ఒకసారి, డిసెంబరులో వానలు వెనకబట్టిన తర్వాత ఒకసారి, ఏడాదికి రెండుసార్లు దబ్బనం, సుద్ద, చెంబు పట్టుకొని ఇల్లంతా తిరగండి. కిటికీకి పది నిమిషాలు చాలు.

క్లుప్తంగా మళ్ళీ చెబుతాను. నీటిదారి ముందు, రంగు చివర. వాలిన రెక్కకు మర బిగించండి, ఉబ్బిన రెక్కకు ఎండాకాలం దాకా ఆగండి. పై అంచుకు, అడుగు అంచుకు రంగు మరవకండి. గ్రిల్లుకు కరెంటు తీగ చుట్టకండి. ఏ కిటికీకీ మేకులు కొట్టకండి. మీ ఇంట్లో అటువంటి కిటికీ ఒకటుంటే ఈ వారంలోనే ఆ మేకులు పీకి, బందులు సరిచేసి, ఒకసారి తెరిచి చూడండి. గదిలోకి వచ్చే గాలే మీకు మిగతా సంగతి చెబుతుంది.